రెండిళ్ల వేడినీళ్లు

ఆదిలాబాద్ జిల్లాలో ఒక చిన్న పట్నం. అక్కడ ఒక ముసలమ్మకు ఇద్దరు కొడుకులు. చాలాకాలం అందరూ ఒకే కప్పు కింద బతికారు. ఆ పట్నంలో డిసెంబరు, జనవరి నెలల చలి మామూలు చలి కాదు. తెల్లవారుజామున 10 డిగ్రీల కిందికి దిగే రోజులు ఏటా వస్తాయి. అందుకని ఆ ఇంట్లో వేడినీళ్లంటే సోకు కాదు, తిండి తరవాత అదే.

పెరట్లో రాగి బాయిలర్ ఒకటి ఉండేది. నడుమ గొట్టం, గొట్టంలో మంట, చుట్టూ నీళ్లు. అది పత్తి పండే నేల కాబట్టి, ఏరడం అయిపోయాక పత్తికట్టె బండ్లకొద్దీ ఇంటికి చేరేది. ముసలమ్మ నాలుగింటికే లేచి ఆ కట్టెను గొట్టంలోకి తోసి నిప్పు పెట్టేది. తెల్లవారేసరికి నీళ్లు కాగేవి. ఎవరు ఎన్ని వేడినీళ్లు తీసుకుంటే అన్ని చన్నీళ్లు పైనుంచి పొయ్యాలి. అది ఆ ఇంటి కట్టుబాటు. ఆ కట్టుబాటు తప్పినవాడు ఎంత పెద్దవాడైనా ముసలమ్మ నోటికి దొరికేవాడు.

కొన్నాళ్లకు కొడుకులు వేరుపడ్డారు. ఇంటి నడుమ గోడ లేచింది. బోరు పెద్దవాడి వైపు పడింది, మునిసిపాలిటీ నల్లా చిన్నవాడి వైపు పడింది. బిందెలు, గంగాళాలు లెక్కపెట్టి పంచుకున్నారు. బాయిలర్‌ను మాత్రం రెండుగా చేయడం కుదరక, తూకానికి అమ్మేసి డబ్బు చెరిసగం తీసుకున్నారు. తల్లి నెలకు ఒకరింట్లో ఉండేలా వంతులు పెట్టుకున్నారు. రాగి ధర బాగానే పలికింది కాబట్టి ఆ పూట ఎవరికీ బాధ అనిపించలేదు.

చలికాలం వచ్చింది. ఇద్దరికీ గీజర్లు కావలసి వచ్చాయి.

పెద్దవాడి ఇంట్లో తాను, భార్య, ఇద్దరు కొడుకులు, కోడలు, బడికి పోయే మనవరాలు మొత్తం ఆరుగురు. తల్లి వంతు వచ్చిన నెల ఏడుగురు. అందరూ ఏడున్నరకల్లా స్నానాలు ముగించి ఎవరి దారిన వాళ్లు పోవలసినవాళ్లే. పెద్దవాడు పొదుపు మనిషి. షాపులో అతనికి 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ చూపించారు. ఇందులో నిలవ ఉండేది మూడు లీటర్లేనని, కాబట్టి చల్లారేది కూడా తక్కువేనని, స్నానానికి ముందు స్విచ్చి వేసి తరవాత ఆర్పేస్తే చాలని, ధర కూడా తక్కువేనని చెప్పారు. చెప్పిన ప్రతి మాటా నిజమే. పెద్దవాడు సంతోషంగా డబ్బు కట్టి తెచ్చుకున్నాడు.

చిన్నవాడి ఇంట్లో ఉండేది తనూ భార్యే. కొడుకు హైదరాబాద్‌లో హాస్టల్లో చదువుకుంటున్నాడు. చిన్నవాడు పత్తి జిన్నింగు మిల్లులో షిఫ్టుల మీద పనిచేసేవాడు. భార్య నర్సు, ఆమెవి కూడా షిఫ్టులే. ఒకరు పొద్దున పదింటికి స్నానం చేస్తే ఇంకొకరు రాత్రి పదకొండింటికి చేసేవారు. చిన్నవాడికి అన్న పొదుపంటే చిన్నప్పటినుంచీ చులకన. కొంటే పెద్దదే కొనాలని 25 లీటర్ల ట్యాంకు గీజర్ తెచ్చాడు. మంచి రేటింగ్ ఉన్నదని, లోపల తుప్పు పట్టని పూత ఉన్నదని, బకెట్ల మీద బకెట్లు వస్తాయని షాపులో చెప్పారు. అవి కూడా నిజమే. షాపువాడు ఇద్దరికీ ఒక్క అబద్ధం చెప్పలేదు. అమ్మే వస్తువు గురించి అన్నీ చెప్పాడు. కొనేవాళ్ల ఇంటి గురించి అతనెందుకు అడుగుతాడు!

ముందు పెద్దవాడి ఇంట్లో రగడ మొదలైంది. డాబా మీది ట్యాంకులో నీళ్లు రాత్రంతా చలికి ఉండి 15 డిగ్రీలకు దిగేవి. ఒంటికి పోసుకునే నీళ్లు 40 డిగ్రీలైనా ఉండాలి. 3000 వాట్ల కాయిల్ ఎంత గింజుకున్నా అలాంటి నీళ్లను నిమిషానికి 1.7 లీటర్లకు మించి ఇవ్వలేదు. అంటే 20 లీటర్ల బకెట్ నిండాలంటే 12 నిమిషాలు. కుళాయిని సన్నగా తిప్పితే ధార దారప్పోగులా వచ్చేది. బారుగా తిప్పితే నీళ్లు దండిగా వచ్చేవి కానీ అందులో వేడి ఉండేది కాదు. కోడలు సన్నగా తిప్పి పోతే, కొడుకు వచ్చి బారుగా తిప్పేవాడు. ఆ తరవాత ఇద్దరికీ మాటలుండేవి కావు.

దానికి తోడు వోల్టేజీ. చలికాలం తెల్లవారగానే వీధి వీధంతా గీజర్లు వేసేది, మోటార్లు వేసేది. 230 ఉండవలసిన వోల్టేజీ 180కి పడిపోయేది. 230లో 50 తగ్గితే వేడి కూడా అయిదో వంతే తగ్గుతుందని పెద్దవాడు అనుకున్నాడు. కానీ వేడి లెక్క అలా ఉండదు. వోల్టేజీ అయిదో వంతు తగ్గితే వేడి మూడో వంతుకు మించి తగ్గుతుంది. 3000 వాట్ల గీజర్ ఆ పూట 1800 వాట్ల గీజర్ అయిపోయేది. 12 నిమిషాల బకెట్‌కు 19 నిమిషాలు పట్టేది. ఆరు బకెట్లకు దాదాపు రెండు గంటలు. ఆఖరున మిగిలే మనవరాలు చాలా రోజులు ముఖం కడుక్కుని బడికి పోయింది.

గోడకు అవతల చిన్నవాడి ఇంట్లో నీళ్లకు కరువు లేదు, బిల్లు మాత్రం మండిపోయింది. ఏ వేళకు ఎవరు వస్తారో తెలియదు కాబట్టి వాళ్లు గీజర్ స్విచ్చి ఆర్పేవాళ్లు కారు. 25 లీటర్లు 60 డిగ్రీలకు కాగడానికి ఒక యూనిట్ పైచిలుకు కరెంటు అయ్యేది. ఒక మనిషి వచ్చి అందులో 11 లీటర్లు తీసుకుని, చన్నీళ్లు కలుపుకుని, ఒక బకెట్ స్నానం చేసి పోయేవాడు. మిగిలిన నీళ్లు గోడకు వేలాడుతూ చల్లారేవి. చల్లారగానే గీజర్ మళ్లీ కాచేది. మళ్లీ చల్లారేవి. ఇంట్లో ఎవరూ లేకున్నా, తాళం వేసి ఉన్నా ఆ పని ఆగేది కాదు. గీజర్ మీద అంటించే స్టార్లు కూడా ఈ సంగతి కొలిచి ఇచ్చేవే. ఎవరూ వాడకుండా ఊరికే ఉంచితే 24 గంటల్లో ఎంత కరెంటు పోతుందన్నది ఆ లెక్క. ఎన్ని స్టార్లున్నా ఆ పోవడం తగ్గుతుందే తప్ప సున్నా కాదు. చిన్నవాడు స్టార్లు లెక్కపెట్టాడు గానీ అవి దేనికిచ్చారో చూడలేదు.

ముసలమ్మ ఒక నెల ఈ ఇంట్లో వణికింది, ఒక నెల ఆ ఇంట్లో బిల్లు మీద గొణుగుడు విన్నది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆమెను ఎవరూ అడగలేదు.

సంక్రాంతికి అన్నదమ్ములు ఒకచోట కూర్చున్నారు. అన్నకు తమ్ముడి ట్యాంకు మీద కన్ను, తమ్ముడికి అన్న ఇన్‌స్టంట్ మీద కన్ను. వేరుపడ్డాక మొదటిసారి ఇద్దరికీ ఒక మాట మీద ఒప్పందం కుదిరింది. ట్యాంకు అన్నకు, ఇన్‌స్టంట్ తమ్ముడికి. పండగ మర్నాడే మార్చుకున్నారు. కథ ఇక్కడితో అయిపోతుందని వాళ్లూ అనుకున్నారు.

అయిపోలేదు. చిన్నవాడి స్నానాల గదికి పాతకాలపు సన్నని వైరు వేసి ఉన్నది. 2000 వాట్ల ట్యాంకు గీజర్ 9 ఆంపియర్లు కూడా లాగదు కాబట్టి ఇన్నాళ్లూ ఆ వైరు నోరు మూసుకుని మోసింది. ఇన్‌స్టంట్ 13 ఆంపియర్లు లాగింది. నాలుగు రోజులకు గదిలో కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. అయిదో రోజు ప్లగ్గు సాకెట్‌లోనే కరిగి అతుక్కుపోయింది. లాగితే పిన్నులు నల్లగా, వంకరగా ఊడి వచ్చాయి.

పెద్దవాడి ఇంట్లో ఇంకో చిత్రం జరిగింది. ట్యాంకు వచ్చిందన్న ధీమాతో పెద్ద కొడుకు షవర్ పెట్టించాడు. దాని కింద పది నిమిషాలు నిలబడి పాటలు పాడుకున్నాడు. షవర్‌కు పది నిమిషాలంటే నాలుగు బకెట్ల నీళ్లు. 25 లీటర్ల ట్యాంకు ఎంత వేడిగా ఉన్నా చన్నీళ్లు కలుపుకుంటే రెండు బకెట్ల పైన కాస్త, అంతే. పాట సగంలో ఉండగానే నీళ్లు చల్లబడ్డాయి. తరవాతి మనిషికి ముప్పావుగంట కాపలా. అది చూసి పెద్దవాడు, నీళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలని రాత్రీ పగలూ స్విచ్చి వేసే ఉంచాడు. మరుసటి నెల బిల్లు శ్లాబు మారి వచ్చింది. మొన్నటిదాకా తమ్ముణ్ణి చూసి నవ్విన బిల్లే ఇప్పుడు తన చేతిలో ఉన్నది.

చిన్నవాడికి విసుగు పుట్టింది. గ్యాస్ గీజర్ తెచ్చి స్నానాల గదిలో బిగించుకుంటే కరెంటు పీడే ఉండదనుకున్నాడు. అతని అదృష్టం కొద్దీ, కరిగిన ప్లగ్గు మార్చడానికి ఒక ముసలి వైరింగు మేస్త్రి వచ్చాడు. గ్యాస్ గీజర్ మాట వినగానే మేస్త్రి ఆ గది తలుపు వేసి చూశాడు. కిటికీ లేదు, గాలి పోయే దారి లేదు. అలాంటి గదిలో మంట వెలిగితే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. లోపలి మనిషికి నిద్ర వచ్చినట్టే ఉంటుంది, లేవడం ఉండదు. ఆ గదిలో దాన్ని బిగించనని మేస్త్రి తేల్చి చెప్పాడు. (ఇళ్లలో ఇలాంటి చావులు నిజంగానే జరుగుతాయి. కథ అయినా ఈ ఒక్క సంగతి దాటవేయకూడదు.)

తరవాత మేస్త్రి ఇన్‌స్టంట్ గీజర్ విప్పాడు. లోపలి కాయిల్ మీద తెల్లటి సున్నపు పెచ్చు పేరుకుని ఉన్నది. స్క్రూడ్రైవర్‌తో కొడితే గుడ్డు పెంకులా రాలింది. పెద్దవాడి బోరు నీళ్ల పుణ్యమే అది. నీళ్లు ఎంత వేడెక్కితే సున్నం అంత తొందరగా విడిపోయి కాయిల్‌కు పట్టుకుంటుంది. పట్టుకున్నాక కాయిల్ వేడి నీళ్లలోకి దిగక కాయిల్‌నే కాలుస్తుంది. ఇప్పుడు ఆ బోరు నీళ్లు ట్యాంకులో పడుతున్నాయి కాబట్టి దానికీ అదే గతి పడుతుందని మేస్త్రికి తెలుసు.

అయినా అతను వెంటనే ఏమీ సలహా ఇవ్వలేదు. అరుగు మీద కూర్చుని ముసలమ్మ ఇచ్చిన టీ తాగుతూ, గీజర్లు రాకముందు ఈ ఇంట్లో నీళ్లు ఎలా కాచేవాళ్లని ఆమెను అడిగాడు. ఆ ప్రశ్న ఆమెను అడిగినవాడు అతనొక్కడే.

ముసలమ్మ చెప్పింది. పొద్దున అందరికీ కలిపి బాయిలర్ కాచేది. ఆఖరి మనిషి చెంబు పట్టుకోగానే కట్టె బయటికి లాగి నిప్పు ఆర్పేది, లేకుంటే తాగేవాడు లేని పాలు కాచినట్టే. రాత్రి పొద్దుపోయి ఏ చుట్టమో దిగితే, ఆ ఒక్కడి కోసం బాయిలర్ జోలికి పోయేది కాదు. చిన్న గంజులో నీళ్లు పోసి వంటింటి పొయ్యి మీద పెట్టేది. అప్పుడు మాత్రం ఎండిన కట్టె దండిగా పెట్టి మంట పెద్దది చేసేది. చుట్టం వాకిట్లో నిలబడి ఉంటాడు, సన్నమంట పెడితే ఎప్పటికి కాగాలి! ఏడాదికొకసారి చింతపండు వేసి బాయిలర్ కడిగేది. ఇదంతా ఒక తెలివి అని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పని అనుకున్నది.

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. పెద్దవాడి ఇంట్లో ట్యాంకు గీజర్‌ను అక్కడే ఉంచాడు. స్విచ్చి తెల్లవారుజామున నాలుగున్నరకు వేసి ఆఖరి స్నానం కాగానే ఆర్పాలని నియమం పెట్టాడు. పొద్దున వోల్టేజీ పడినా, అది పడేలోపే ట్యాంకు నిండా వేడి దాచి ఉంటుంది. షవర్‌ను వేసవికి వాడుకోమని పెద్ద కొడుక్కు చెప్పి, చలికాలానికి అక్కడ బకెట్ పెట్టించాడు. ఏటా దసరా వెళ్లగానే ట్యాంకు ఖాళీ చేసి సున్నం తీయించాలని, లోపలి మెగ్నీషియం కడ్డీ కరిగిపోయి ఉంటే మార్పించాలని చెప్పాడు. ఆ కడ్డీ తాను కరిగి ట్యాంకును కాపాడుతుంది. అది అయిపోతే తుప్పు ట్యాంకునే తింటుంది.

చిన్నవాడి ఇంట్లో ఇన్‌స్టంట్‌ను ఉంచాడు, కానీ పాత వైరు మీద కాదు. బోర్డు నుంచి స్నానాల గదికి నాలుగు చదరపు ఎమ్ఎమ్ రాగి వైరు విడిగా లాగాడు, విడిగా ఎం.సి.బి. పెట్టాడు, ఎర్తింగ్ సరిచేశాడు. కాయిల్ కొత్తది వేశాడు. కుళాయి ఎంతవరకు తిప్పాలో గుర్తుగా గోడ మీద ఒక గీత గీశాడు. నల్లా నీళ్లు కాబట్టి ఇక్కడ సున్నం బాధ తక్కువ. మధ్యాహ్నమైనా అర్ధరాత్రైనా ఊరంతా ఒకేసారి గీజర్లు వేసే వేళ కాదు కాబట్టి వోల్టేజీ కూడా నిండుగా వచ్చింది. ఒక మనిషికి ఒక బకెట్ పన్నెండు నిమిషాలు. షిఫ్టు నుంచి వచ్చినవాడు బట్టలు మార్చుకుని, అన్నం వేడి పెట్టుకునేలోపు నిండేది.

ఆ నెల రెండిళ్లలోనూ బిల్లు తగ్గింది. పెద్దవాడి ఇంట్లో ఆరు బకెట్లు కాగడానికి మాత్రం మునుపటి మాదిరిగానే రోజుకు మూడున్నర యూనిట్లు అయ్యాయి. అది తగ్గలేదు, తగ్గదు. చన్నీళ్లు వేడెక్కడానికి కావలసిన వేడి ఏ గీజర్‌కైనా ఒకటే. తగ్గినది మిగతాది, ఎవరికీ అందకుండా గోడకు పోయినది.

మరుసటి చలికాలం సెలవులకు చిన్నవాడి కొడుకు నలుగురు స్నేహితులను వెంటపెట్టుకుని దిగాడు. పొద్దున్నే అంతమందికి ఇన్‌స్టంట్ చాలలేదు. వాళ్లంతా తువ్వాళ్లు భుజాన వేసుకుని పెదనాన్న ఇంటికి పోయారు. అదే నెలలో ఒక రాత్రి పెద్దవాడి మనవరాలికి జ్వరం తగిలి ఒళ్లు తుడవడానికి గోరువెచ్చని నీళ్లు కావలసి వచ్చాయి. ఒక్క చెంబు కోసం 25 లీటర్లు కాచే బదులు కోడలు చెంబు పట్టుకుని చినమామగారి ఇంటికి పోయింది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు వీధి చుట్టి తిరగడం ఎందుకని అన్నదమ్ములు మేస్త్రిని మళ్లీ పిలిచి గోడలో ఒక చిన్న తలుపు పెట్టించారు. ముసలమ్మ ఆ తలుపు ఖర్చు తన బంగారం అమ్మైనా ఇస్తానన్నది కానీ అంత ఖర్చు కాలేదు.

నీతి: దాచిపెట్టుకున్నదానికి కాపలా ఖర్చు ఉంటుంది, అప్పటికప్పుడు పుట్టించుకునేదానికి బలం ఖర్చు ఉంటుంది, ఈ రెండు ఖర్చుల్లో ఏదీ లేని దారి లేదు. మన ఇంట్లో అవసరం గుంపుగా ఒకే వేళకు వస్తుందా, ఒక్కొక్కటిగా వేళకాని వేళ వస్తుందా అన్నది చూసుకున్నవాడు ఆ ఖర్చుల్లో తనకు తగినది ఎంచుకుంటాడు. అది చూసుకోకుండా వస్తువు గొప్పతనాన్నో పక్కింటి బిల్లునో చూసి కొన్నవాడు రెండు ఖర్చులూ పెట్టి చన్నీళ్లు పోసుకుంటాడు.